11 వేల మంది ఉన్న గ్రూపు ఎందుకు బోసిపోయింది?

ప్రశ్న: ఫౌంటెన్ పెన్నులంటే ఇష్టం ఉన్నవాళ్ల కోసం నాలుగేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ గ్రూపు మొదలుపెట్టాను. మొదట్లో 60 మందిమి. ఇప్పుడు 11 వేలు దాటాం. కానీ పాతవాళ్లు మాట్లాడటం మానేశారు. కొత్తవాళ్లు రోజూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. మా సరదా మాటలు కూడా గొడవలకు దారితీస్తున్నాయి. రూల్స్ గట్టిగా పెట్టాలా, లేక పాతవాళ్లం వేరే గ్రూపు పెట్టుకుని వెళ్లిపోవాలా?

సమాధానం:

రెండూ వద్దండి. కనీసం ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాల్సి వస్తుంది, ఓపిక చేసుకోండి.

నేను 2006 నుంచి ఏదో ఒక గ్రూపుకు మోడరేటర్‌గా ఉంటూనే ఉన్నాను. ఎక్కువ కాలం గడిపింది క్రాస్‌వర్డ్ పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో. మీరు రాసినవన్నీ అక్కడ చూశాను. వాటిలో సగం నేను చేజేతులా తెచ్చిపెట్టుకున్నవే, కాబట్టి కింద రాసేదాంట్లో పాండిత్యం కంటే ఎదురుదెబ్బలే ఎక్కువ.

"జనం ఎక్కువైతే గ్రూపు పాడవుతుంది" అని అందరూ అంటారు. నేనూ అదే నమ్మేవాణ్ని. ఈ మాట ఇంటర్నెట్ సామాన్యులకు అందకముందు నుంచే ఉంది. 1980లో యూజ్‌నెట్ అనే చర్చావేదికల వ్యవస్థ మొదలైంది. ఎక్కువగా యూనివర్సిటీల కంప్యూటర్ల మీద నడిచేది. ఏటా సెప్టెంబరు వచ్చిందంటే కొత్త విద్యార్థులకు అకౌంట్లు దొరికేవి. వాళ్లు వచ్చి చర్చల మధ్యలో దూరి, తెలిసీ తెలియక నానా రభస చేసేవాళ్లు. పాతవాళ్లు విసుక్కుంటూనే నేర్పేవాళ్లు. కొన్ని వారాలకు కొత్తవాళ్లలో కొందరు విసిగి వెళ్లిపోయేవాళ్లు, మిగిలినవాళ్లు ఆ చోటి మర్యాద పట్టుకునేవాళ్లు. అంతా సద్దుమణిగేది. 1993-94ల్లో ఇళ్లకు ఆన్‌లైన్ సేవలు అమ్మే అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు తమ కస్టమర్లకు కూడా యూజ్‌నెట్ తలుపులు తెరిచాక, కొత్తవాళ్లు రావడం ఏడాదిలో ఒక నెలకు పరిమితం కాలేదు. ప్రతిరోజూ సెప్టెంబరే. అందుకే ఆ కాలానికి 'అంతులేని సెప్టెంబరు' అన్న పేరు పడింది.

ఈ కథను చాలామంది "సామాన్యులు వచ్చి చెడగొట్టారు" అని చెబుతారు. నాకది పాతవాళ్ల గీర మాటలా అనిపిస్తుంది. విద్యార్థులు కూడా ఒకప్పుడు ఏమీ తెలియకుండానే వచ్చారు కదా! తేడా ఏమిటంటే, అప్పుడు నేర్పడానికి మధ్యలో పదకొండు నెలల తీరిక ఉండేది. తర్వాత లేదు. వచ్చేవాళ్ల వేగాన్ని నేర్పేవాళ్లు అందుకోలేకపోయారు. మీ గ్రూపులో జరిగిందీ ఇదేనని నా అనుమానం.

మరి నేర్పేవాళ్లంటే ఎవరు? మీరు వెంటనే అడ్మిన్లు అనో, ఆ మొదటి 60 మంది అనో అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఒక పని చేసి చూడండి. గత నెలలో కొత్తవాళ్లు అడిగిన ఒక 50 ప్రశ్నలు తీయండి. "మొదటిసారి కొంటున్నాను, ఏ నిబ్ సైజు తీసుకోవాలి?", "ఇంకు కారుతోంది, ఏం చేయాలి?" లాంటివే ఉంటాయి. ప్రతిదానికీ మొదట ఓపికగా జవాబిచ్చింది ఎవరో చూసి, వాళ్లు గ్రూపులో ఎప్పుడు చేరారో పక్కన రాయండి. మా క్రాస్‌వర్డ్ గ్రూపులో నేను ఇలా రాసుకున్నప్పుడు నోరెళ్లబెట్టాను. మేం మహామహులు అనుకునే పాతవాళ్ల పేర్లు దాదాపు కనిపించలేదు. జవాబిచ్చినవాళ్లలో ఎక్కువమంది చేరి ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు అయినవాళ్లు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. నిన్న నేర్చుకున్నవాడికి ఇవాళ నేర్పడం సరదా. తనకు తెలిసిందన్న సంతోషం ఇంకా తాజాగా ఉంటుంది. తెలియనప్పుడు ఎక్కడ తడబడ్డాడో కూడా గుర్తుంటుంది. అదే ప్రశ్నకు నలభైసార్లు జవాబు చెప్పిన పాతమనిషికి ఆ సరదా ఎప్పుడో తీరిపోయింది.

గ్రూపును మోసేది ఈ మధ్యతరం. అడ్మిన్ కళ్లకు మాత్రం వీళ్లు ఆనరు. గొడవ చేయరు కాబట్టి మనకు తెలియరు, పాతవాళ్లు కాదు కాబట్టి మనం మెచ్చుకోం. నాలుగేళ్లలో 60 నుంచి 11 వేలకు వెళ్లారంటే, అందులో చాలామంది ఒకే ఊపులో వచ్చి ఉంటారు. ఏదో ఒక పోస్టు వైరల్ అయిందా? అలాంటప్పుడు మధ్యతరం తయారయ్యే వ్యవధి ఉండదు. ఇటు 60 మంది పాతవాళ్లు, అటు వేలమంది కొత్తవాళ్లు, నడుమ ఖాళీ.

ఇక ఆ 11 వేలు అనే అంకె చూసి కంగారు పడకండి. వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు. నూటికి 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది అప్పుడప్పుడూ రాస్తారు, ఒక్కరే ఎక్కువగా రాస్తారు అని. అచ్చంగా ఇలాగే ఉండాలని లేదు గానీ, నేను చూసిన గ్రూపులన్నీ ఇంచుమించు ఈ తీరులోనే ఉన్నాయి. అంటే మీ గ్రూపును నిజంగా నడిపేది 100 మంది చుట్టుపక్కల. మిగతావాళ్లు చదివే జనం. చదివేవాళ్లను తక్కువ చేయకండి, రేపటి మధ్యతరం వాళ్లలోంచే రావాలి.

మీ సరదా మాటల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే గ్రూపు ఆరోగ్యం మొదట తెలిసేది అక్కడే.

మా గ్రూపు కొత్తల్లో ఒకాయన ఒక క్రాస్‌వర్డ్‌లో ఏడు నిలువుకు ఇచ్చిన జవాబు తప్పని రెండు రోజులు వాదించాడు. నిఘంటువులు తిరగేశాడు, అర్థాల మీద పేరాలు పేరాలు రాశాడు, పజిల్ కట్టినావిడకు బుద్ధి చెప్పాడు. మూడో రోజు పొద్దున్నే ఒక్క లైను పోస్టు పెట్టాడు: "క్షమించాలి. నేను చూస్తున్నది ఏడు అడ్డం." అందరం పొట్ట పట్టుకుని నవ్వాం, అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు. అప్పటి నుంచి ఎవరైనా ధీమాగా మాట్లాడి తప్పులో కాలేస్తే, "నాది ఏడు నిలువు" అని ఒప్పుకోవడం మాకు అలవాటైంది. చాలా మంచి అలవాటు. ఆ రెండు ముక్కలతో ఎన్నో వాదనలు పరువుగా ముగిశాయి.

కొన్నేళ్లకు ఒక కుర్రాడు చేరాడు. వారం తిరక్కుండానే తానే సొంతంగా ఒక పజిల్ కట్టి పెట్టాడు. అందులో రెండు గళ్లు తప్పాయి. ఇంకేం, కింద వరసగా పదిహేను కామెంట్లు: "ఏడు నిలువు!", "ఏడు నిలువు!!", మధ్యలో నవ్వే బొమ్మలు. అతను నిజంగానే ఏడు నిలువు చూసుకున్నాడు. అక్కడ తప్పేమీ లేదు. "ఏడు నిలువులో ఏం తప్పుందండీ?" అని అడిగాడు. దానికీ నవ్వులే. సాయంత్రానికల్లా పోస్టు తీసేశాడు, గ్రూపు వదిలేశాడు. నేను విడిగా మెసేజ్ పెడితే, "తప్పు చెబితే దిద్దుకునేవాణ్ని, వెక్కిరింపు ఎందుకో అర్థం కాలేదు" అన్నాడు. ఆ పదిహేను మందిలో నేనూ ఒకణ్ని. జవాబు రాయడానికి నా దగ్గర మాటే లేకపోయింది.

మాట అదే. మొదట్లో ఎవరి తప్పు వాళ్లు ఒప్పుకోవడానికి వాడేవాళ్లం. ఎప్పుడో మాకు తెలియకుండానే ఎదుటివాడి మీద విసిరే రాయి అయింది. తమ మీద తాము వేసుకునే జోకు ఎదుటివాళ్ల మీదికి తిరిగిందంటే గ్రూపు లోపల్లోపల ఎండిపోతోందని నాకిప్పుడు గుర్తు. మీ గ్రూపులో ఏ మాట మీద గొడవలవుతున్నాయో నాకు తెలియదు. ఆ మాటను మొదట ఎవరు ఎవరి మీద అన్నారో, ఇప్పుడు ఎవరు ఎవరి మీద అంటున్నారో ఒకసారి వెతికి చూడండి.

అలాగని అలాంటి మాటలు నిషేధించకండి, సరదా లేని గ్రూపు హెల్ప్‌డెస్క్ అవుతుంది. వాటిని అర్థమయ్యేలా చేస్తే చాలు. కంప్యూటర్ మీద మనం పెట్టే నవ్వు ముఖం పుట్టిందే అందుకు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఆన్‌లైన్ బోర్డులో లిఫ్టులో పాదరసం ఒలికిందంటూ ఎవరో వేసిన జోకును కొందరు నిజమైన హెచ్చరిక అనుకున్నారు. ఏది జోకో ఎలా తెలియాలి అని చర్చ నడిచింది. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, జోకు అయితే పక్కన :-) అని పెట్టండి, తల పక్కకు వంచి చూడండి అన్నాడు. అర్థం కానివాణ్ని "జోకు కూడా తెలియదా" అని గేలి చేసే బదులు, అర్థమయ్యే గుర్తు ఒకటి తయారుచేశారు. మేం కూడా ఆ కుర్రాడు వెళ్లిపోయాక 'మన మాటలు' అని ఒక పోస్టు పిన్ చేశాం. ప్రతి మాట వెనక కథ, అసలు లింకు, ఎవరు ఎవరి మీద అనొచ్చు అన్నది. రూల్స్ కంటే దాన్నే ఎక్కువమంది చదివారు.

రూల్స్ సంగతి తొందరగా ముగిస్తాను. నేను ఒకప్పుడు 34 రూల్స్ రాశాను, ఉపనిబంధనలతో సహా. చాంతాడంత జాబితా. చదివినవాళ్లు రెండు రకాలే: గొడవ పెట్టుకోవడానికి సందు వెతికేవాళ్లు, "నిన్న ఆయన 17వ రూలు తప్పాడు, మీరేం చేశారు?" అని నన్ను నిలదీసేవాళ్లు. ఇప్పుడు ఐదే ఉన్నాయి. మిగతావాటికి జరిగిన సంఘటనలే రూల్స్. ఒక గొడవలో ఏం నిర్ణయం తీసుకున్నామో, ఎందుకో, పేర్లు లేకుండా నాలుగు వాక్యాల్లో రాసి పెడతాం. రూలు గుర్తుండకపోయినా కథ గుర్తుంటుంది.

అడిగిందే అడిగేవాళ్ల విషయంలో నేను కాస్త మొండిగా ఉంటాను. "సెర్చ్ చేసుకోండి" అన్న జవాబును మా దగ్గర తీసేస్తాం. లింకు ఇవ్వండి, లేదా ఊరుకోండి. ఇంకు కారుతోందని అడిగేవాడికి అది 200వ ప్రశ్న అని తెలియదు, అతనికి అదే మొదటిది. పైగా చాలాసార్లు అతనికి కావాల్సింది సమాచారం కూడా కాదు. ఇక్కడ తనతో ఎవరైనా మాట్లాడతారా అని చూస్తున్నాడు. వికీపీడియాలో 'కొత్తవాళ్లను కరవకండి' అన్న మార్గదర్శకం ఎప్పటి నుంచో ఉంది. అయినా 2007 తర్వాత ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య తగ్గింది. ఎందుకని పరిశోధకుడు ఆరన్ హాఫేకర్, ఆయన తోటివాళ్లు చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. చెత్త రాతలను అడ్డుకోవడానికి పెట్టిన యంత్రాంగమే, మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్ల రాతలను కూడా తీసిపారేసి వాళ్లను నిలవనివ్వలేదని అందులో తేల్చారు. అంటే కరవకండి అని బోర్డు కట్టి, కరిచే పనిని యంత్రానికి అప్పజెప్పినట్టయింది. మీ గ్రూపులో ఆటోమేటిగ్గా పోస్టులు తీసేసే ఫిల్టర్ ఉంటే దాని వెనక ఒక మనిషి రాసిన ఒక మంచిమాట ఉండేలా చూసుకోండి.

ఇక తలుపు. నన్ను అడిగితే మీరు అన్నింటికంటే ముందు పట్టించుకోవాల్సింది దీన్నే. చేరేవాళ్లను ఆపమనను, నెమ్మదించమంటాను. మెటాఫిల్టర్ అనే చర్చావేదిక 1999లో మొదలైంది. తాకిడి తట్టుకోలేక మధ్యలో కొత్త సభ్యత్వాలు ఆపేశారు. 2004లో తిరిగి తెరిచినప్పుడు ఒకేసారి కట్టే 5 డాలర్ల రుసుము పెట్టారు. చేరాక కూడా మొదటి పేజీలో సొంత పోస్టు వేయాలంటే వారం ఆగాలి. 5 డాలర్లు ఎవరినీ ముంచవు. కానీ "సరే, ఇది కావాలి" అని ఒక్క క్షణం ఆలోచించాలి, ఆ వారం రోజులు కాసేపు కూర్చుని చూడాలి. మీరు డబ్బు పెట్టక్కర్లేదు. నెలకు రెండుసార్లే సభ్యులను చేర్చుకోండి, విడతకు మీరు పలకరించగలిగినంత మందిని. ఒకే విడతలో వచ్చినవాళ్లకు ఒకరికొకరు గుర్తుంటారు, ప్రశ్నలు వాళ్లలో వాళ్లే అడుక్కుంటారు. ఆ పాత యూజ్‌నెట్ సెప్టెంబరును మనమే తయారుచేసుకున్నట్టు.

"పాతవాళ్లం వేరే పెట్టుకోవాలా?" అని కదా అడిగారు. మేం పెట్టుకున్నాం. 12 మందిమి, చప్పుడు చేయకుండా. మొదటి నెల స్వర్గం. రెండో నెల నుంచి అక్కడ మాట్లాడుకున్నది పజిళ్ల గురించి కాదు, పెద్ద గ్రూపులో ఎవరు ఏం తెలివితక్కువ పని చేశారన్న దాని గురించే. అక్కడి లింకులు తెచ్చి ఇక్కడ వేసి నవ్వుకునేవాళ్లం. మూడో నెలలో ఎవరో స్క్రీన్‌షాట్లు బయటపెట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలన్న కోపం కూడా ఇప్పుడు లేదు. కానీ నేను ఎంతో కష్టపడి నిలబెట్టుకున్న ఇద్దరు ముగ్గురు మధ్యతరం వాళ్లు ఆ స్క్రీన్‌షాట్లలో తమ పేర్లు చూసుకున్నారు. గ్రూపు మళ్లీ తేరుకోవడానికి ఏడాది పట్టింది.

చిన్న గదులు కావాలి, నేను కాదనను. కానీ చాటుగా వద్దు. పని పేరుతో ఉండాలి: నిబ్ రిపేరు చేసేవాళ్ల గది, పాత పెన్నుల గది. ఎవరికి ఆసక్తి ఉంటే వాళ్లు వచ్చేలా. 'మేం పాతవాళ్లం' అన్నదే అర్హతగా పెట్టిన గదిలో చివరికి మిగిలేది చాడీలే.

అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది మీరు అడగలేదు గానీ, గొడవలు అన్నారు కాబట్టి చెబుతున్నాను. 1990లో పావెల్ కర్టిస్ అనే పరిశోధకుడు లాంబ్డామూ అనే ఆన్‌లైన్ అక్షరాల లోకాన్ని మొదలుపెట్టాడు. అందులో ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా తిరుగుతూ మాట్లాడుకునేవాళ్లు. బొమ్మలుండవు, అంతా రాతే. తగువులు తీర్చలేక 1992 చివర్లో నిర్వాహకులు చేతులెత్తేశారు, ఇకపై మేం యంత్రం సంగతే చూస్తాం, మీ గొడవలు మీరే తేల్చుకోండి అన్నారు. కొన్ని నెలలకే ఒక యూజరు తోటి పాత్రల మీద అసభ్యమైన అఘాయిత్యానికి దిగాడు. అందరూ కూడి గంటల తరబడి చర్చించారు, ఏమీ తేలలేదు. చివరికి ఒక నిర్వాహకుడు ఒంటరిగా నిర్ణయం తీసుకుని అతని అకౌంటు తీసేశాడు. తర్వాత ఓట్లు, అర్జీలు అని ఒక పద్ధతి తెచ్చారు. 1996కల్లా, సాంఘిక విషయాల్లో జోక్యం చేసుకోకుండా ఉండటం కుదరదని నిర్వాహకులు ఒప్పుకోవాల్సి వచ్చింది. అందరినీ అడగండి, కానీ తేల్చేది ఎవరో ముందే తెలిసి ఉండాలి. మీరు తేల్చకపోతే ఎవరికి తీరిక ఎక్కువ ఉందో వాళ్లు తేలుస్తారు. తీరిక ఎక్కువ ఉన్నవాళ్లు ఎలాంటివాళ్లో మీకు తెలుసు.

ఎవరినైనా హెచ్చరించాలంటే మాత్రం అందరి ముందూ వద్దు, విడిగా రాయండి. పదిమందిలో మందలిస్తే మనిషి తన తప్పు గురించి ఆలోచించడు, చూస్తున్నవాళ్ల గురించి ఆలోచిస్తాడు.

మౌనంగా ఉన్న పాతవాళ్లను బతిమాలకండి. కొందరికి పెన్నుల మీద మోజు తీరి ఉంటుంది, కొందరికి ఇంట్లో పనులు పెరిగి ఉంటాయి. ప్రతి మౌనమూ అలక కాదు. ఒకరిద్దరికి వాళ్లు మాత్రమే చేయగలిగిన పని అప్పజెప్పి చూడండి. "ఈ పాత పెన్ను ఏ కాలానిదో మీరైతేనే చెప్పగలరు" అంటే కదులుతారేమో. కదలకపోతే ఊరుకోండి.

ఒక సంగతి మాత్రం ఇవాళే మొదలుపెట్టండి: మంచి థ్రెడ్లు దాచుకోవడం. మనం కట్టుకున్న ఇల్లు అద్దె స్థలంలో ఉంది. జనం సొంత వెబ్‌పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో పోయింది, ఆర్కుట్ 2014లో, యాహూ గ్రూప్స్ 2020లో. ఏళ్ల తరబడి పోగైన మాటలు వాటితో పాటే పోయాయి, ఎవరో ముందుచూపుతో దాచినవి తప్ప. తమకు నచ్చిన పుస్తకాలు, సినిమాల పాత్రలతో సొంత కథలు రాసుకునే అభిమానులు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్లు. 2007లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు ఒక్కసారిగా వందల అకౌంట్లు నిలిపేసిన దెబ్బ కూడా తిన్నాక, వాళ్లు సొంత సంస్థ పెట్టుకుని, 2009లో 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే తమ కథల సైటు తెరిచారు. సర్వర్లు వాళ్లవే, నడిపేది వాలంటీర్లే. మీకు అంత అక్కర్లేదు, నెలకోసారి ఒక ఫైల్లోకి కాపీ చేసుకున్నా చాలు. పేర్లు, ఫోటోలు ఉన్నవి దాచేముందు రాసినవాళ్లను అడగండి.

సరే, ముందు ఆ 50 ప్రశ్నల లెక్క తీయండి. మధ్యతరంలో ఓపికగా జవాబిస్తున్నవాళ్లు ఐదారుగురైనా తేలితే వాళ్లకు విడిగా థ్యాంక్స్ చెప్పి, అడ్మిన్ పదవి అంటగట్టకుండా, కొత్తవాళ్లను పలకరించే పని కొంచెం పంచుకుంటారేమో అడగండి. ముగ్గురి కంటే తక్కువ తేలితే ఈ రాత్రికే కొత్త రిక్వెస్టులు ఆపేసి, తేలినవాళ్ల పేర్లు, చేరిన నెలలతో సహా ఇక్కడ కాకుండా నాకు విడిగా రాయండి. అక్కడి నుంచి చూద్దాం.